తొంభైతొమ్మిది, రెండు సున్నలు

2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినవి. ఉమ్మడి ఆదిలాబాద్ నుండి విడివడిన మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థిని తన ద్వితీయ సంవత్సరపు మార్కులు చూసుకొన్నది. తెలుగు ఎదుట సున్న ఉన్నది. ప్రథమ సంవత్సరంలో ఉత్తమశ్రేణి మార్కులు తెచ్చుకొన్న బాలిక ఆమె. మాతృభాషలో, నూరు మార్కుల పత్రంలో, మూడు గంటలు కూర్చుండి వ్రాసివచ్చినవారికి సున్న రావడమన్నది, నిండుగా వండిన అన్నపుగిన్నెను తెరచి చూసి ఇందులో ఒక్క మెతుకైనా లేదనడం వంటిది. ఆమె పక్షాన ప్రశ్న లేచినది. జవాబు పుస్తకాన్ని వెలికితీసి చూశారు. అందులో ఆమెకు వచ్చినవి 99.

దోషం జరిగిన తీరు మిక్కిలి స్వల్పమైనది. పత్రం దిద్దినవారు మార్కులను ఓఎంఆర్ పత్రంపైన వృత్తాలు నింపి నమోదు చేయాలి. తొమ్మిది అంకె ఉన్న రెండు వృత్తాలు నల్లబడవలసిన చోట సున్న ఉన్న రెండు వృత్తాలు నల్లబడినవి. తరువాత సరిచూడవలసిన పరిశీలకుని దృష్టి వాటిమీద నిలువలేదు. యంత్రం తనకు చూపినదానిని చదివినది. దానికి వేరొక ధర్మం తెలియదు.

వేదాధ్యయనం చేసినవారికి ఇంద్రశత్రు వృత్తాంతం బాల్యంలోనే చెవిని పడుతుంది. త్వష్ట తన కుమారుని మరణానికి ప్రతీకారంగా, ఇంద్రుని సంహరించే పుత్రుని కోరి హోమం చేశాడు. మంత్రంలో పదం తప్పలేదు, అక్షరం తప్పలేదు. స్వరం తప్పినది. ఇంద్రుని చంపువాడు అనే అర్థం పోయి, ఇంద్రుడే చంపువాడుగా కలవాడు అనే అర్థం వచ్చినది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడైనాడు. స్వల్పదోషమని దేనిని ఉపేక్షించరాదో శిష్యునికి నేర్పడానికి గురువులు ఈ కథను చెబుతారు. అయితే ఒక భేదమున్నది. త్వష్ట తప్పిన స్వరానికి ఫలం త్వష్టకే దక్కినది. ఇక్కడ వృత్తం నింపిన చేయి ఒకరిది, దుఃఖం మరొకరిది.

ఇది జరిగిన నేల ఏదో కూడా స్మరింపదగినది. ఇదే ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోదావరీతీరాన బాసర ఉన్నది. వ్యాసమహర్షి నదిలో స్నానమాచరించి, దోసిట ఇసుక తెచ్చి, అమ్మవారిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. తెలుగునాట నలుమూలల నుండి తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొని అక్కడికి వస్తారు. తండ్రి ఒడిలో పిల్లవాడు, ముందు పలక, అర్చకుడు ఆ చిన్నచేతిని పట్టుకొని దిద్దించే మొదటి అక్షరం. వసంతపంచమినాడు ఆ వరుసలు ఎంత దూరం సాగుతాయో చూసినవారికే తెలియాలి. ఇంత శ్రద్ధతో దిద్దించిన అక్షరాన్ని పది పన్నెండేళ్ళ తరువాత దిద్దవలసిన చేయి చదువకుండా వదలివేయవచ్చునా? ఇది ఒక ప్రాంతానికి కలిగిన అవమానం గురించి వేసే ప్రశ్న కాదు, అక్షరాన్ని దేవతగా భావించే సంస్కారం తనను తాను వేసుకోవలసిన ప్రశ్న.

ఆ సంవత్సరం దుఃఖం ఒక్క ఇంటితో ఆగలేదు. పరీక్షలకు హాజరైనవారు 9 లక్షలకు పైగా ఉండగా, అనుత్తీర్ణులు 3 లక్షలు దాటారు. పరీక్ష వ్రాసినవారిలో కొందరి పేర్ల ఎదుట గైర్హాజరని వచ్చినది. ఫలితాలు వెలువడిన కొద్దిదినాలలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. వారిలో ఎవరి పత్రంలో దోషమున్నది, ఎవరి పత్రంలో లేదు అని లెక్కవేసే పని ఇక్కడ అనవసరం. ఏ పిల్లవాని ప్రాణమూ ఏ పత్రానికీ మూల్యం కాదు. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించినది. ఆ సంఘం బోర్డు పనితీరులోనూ, ఫలితాల ప్రక్రియను నిర్వహించిన ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సంస్థ పనితీరులోనూ లోపాలను చూపినది. అనుత్తీర్ణులందరి పత్రాలనూ రుసుము లేకుండా తిరిగి పరిశీలించాలని నిర్ణయమైనది. మే నెలాఖరుకు ఆ ఫలితం వచ్చినప్పుడు 1,137 మంది ఉత్తీర్ణులని తేలినది. 3 లక్షలలో అది స్వల్పసంఖ్య అని కొందరన్నారు. ఆ 1,137 ఇళ్ళలో ఒక్క ఇంట ఆ రాత్రి గడిపినవారు ఆ మాట అనలేరు.

ఇటువంటి సమయంలో ధార్మికుల నోట రెండు మాటలు వినబడుతుంటాయి. రెండూ వినడానికి శాస్త్రవాక్యాలవలెనే ఉంటాయి.

మొదటిది, "అంతా ప్రారబ్ధం, నుదుటివ్రాత, ఊరుకో" అన్నది. ప్రారబ్ధమున్నది, సందేహం లేదు. కాని ప్రారబ్ధం అనుభవించేవాని సమాధానానికై చెప్పిన మాట అది. తప్పు చేసినవాడు తన తప్పును కప్పుకొనడానికి చెప్పినది కాదు. బిడ్డ నుదుట బ్రహ్మ వ్రాసినదేమిటో ఎవరూ చూడలేదు. ఓఎంఆర్ పత్రంమీద వ్రాసినది మాత్రం ఒక మనుష్యుడు, కలంతో. దానిని మరొక మనుష్యుడు కలంతోనే సరిదిద్దవచ్చు. యోగవాసిష్ఠంలో ముముక్షు వ్యవహార ప్రకరణమంతా వసిష్ఠమహర్షి శ్రీరామునికి చేసిన పౌరుషప్రబోధమే. దైవమని చేతులు ముడుచుకొని కూర్చుండేవానిని ఆయన మెచ్చుకోలేదు. పైగా, సున్న రావడం ప్రారబ్ధమైతే, దానిని ప్రశ్నించే బుద్ధి పుట్టడం మాత్రం ప్రారబ్ధం కాకపోవడమేమి?

రెండవది గీతావాక్యం. ఫలంమీద ఆసక్తి కూడదని భగవానుడు చెప్పాడు కదా, మార్కులకోసం ఈ ఆరాటమెందుకు అంటారు. కర్మఫలాసక్తిని విడువుమన్న ఉపదేశం కర్తకు, అతని మనస్సును ఉద్దేశించి చేసినది. ఫలాన్ని కొలిచి ఇవ్వవలసినవానికి, ఇవ్వకపోయినా ఫరవాలేదనే అనుమతి అందులో ఎక్కడా లేదు. శ్రాద్ధానికి నిష్ఠతో వంట చేసిన బ్రాహ్మణునికి సంభావన ఎగవేసి, "స్వామీ, ఫలాపేక్ష కూడదు" అని గీత వినిపించే యజమానిని ఊహించుకోవాలి. (అటువంటి యజమానులు లోకంలో లేకపోలేదు.) ఆ యజమాని గీత చదివినవాడా, గీతను అడ్డుపెట్టుకొన్నవాడా? విద్యార్థి నిష్కామంగా చదువవచ్చు, చదవాలి కూడా. అతడు వ్రాసినదేమిటో ఉన్నది ఉన్నట్లు పలకడం మాత్రం సత్యానికి సంబంధించిన విషయం, కామానికి సంబంధించినది కాదు.

భారతంలో దీనికి సరిపోయే ఘట్టం ద్యూతసభలో ఉన్నది. ద్రౌపది సభలో ధర్మప్రశ్న వేసినది. తనను తాను ఓడినవానికి తనను పణంగా పెట్టే అధికారమున్నదా అన్నదే ఆ ప్రశ్న. పెద్దలు తలలు వంచుకొన్నారు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమన్నాడు. అప్పుడు విదురుడు లేచి ప్రహ్లాదుని కథ చెప్పాడు. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు తమలో ఎవరు శ్రేష్ఠులో చెప్పుమని ప్రాణాలు పణంగా పెట్టి ప్రహ్లాదుని వద్దకే వచ్చారు. తీర్పు చెప్పవలసినవాడు తండ్రి. అతడు కశ్యపుని ఆశ్రయించి, తెలిసి పలుకనివానికి, తప్పు పలికినవానికి కలిగే గతి ఏమిటని అడిగాడు. కశ్యపుడిచ్చిన సమాధానం ఒక విధమైన లెక్క. అధర్మమనే ముల్లు గుచ్చుకొన్న ధర్మం సభలోనికి వచ్చినప్పుడు సభాసదులు ఆ ముల్లును తీయకపోతే అది వారికే గుచ్చుకొంటుంది. నిందింపదగినది నిందింపబడని సభలో పాపంలో సగం సభాధిపతిది, పాదం చేసినవానిది, పాదం చూసి ఊరకున్నవారిది. నిందింపదగినది నిందింపబడినప్పుడు సభాధిపతీ సభాసదులూ విముక్తులై, పాపం చేసినవానికే చెందుతుంది. ప్రహ్లాదుడు అది విని తన కుమారునికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు.

ఈ లెక్కను 2019 దగ్గరకు తెస్తే ఏమి కనబడుతుంది? వృత్తాలు నింపిన ఉపాధ్యాయినికి 5,000 రూపాయల జరిమానా పడినది, పనిచేసే ప్రైవేటు పాఠశాలలో ఉద్యోగం పోయినది. సరిచూడని పరిశీలకుడు సస్పెండైనాడు. అంటే చేసినవారి పాదమూ, చూసి ఊరకున్నవారి పాదమూ త్వరగానే పంపిణీ అయినవి. వారి ఉపేక్షను సమర్థించవలసిన పనిలేదు. కాని వేసవిలో కట్టలు కట్టలుగా పత్రాలు ముందు పోసి, వేగంగా దిద్దుమని చెప్పి, కొత్త యంత్రవిధానాన్ని తగినంత పరీక్షించకుండా ప్రవేశపెట్టిన సభ ఒకటున్నది. కశ్యపుడు సగం వాటా వ్రాసినది దాని పేర. ముల్లు తీసిన సభకు విముక్తి ఉన్నదని కూడా ఆయనే చెప్పాడు కనుక, ఉచిత పరిశీలన జరిపినమేరకు ఆ సగంలో కొంత తీరినదనుకోవచ్చు. అదైనా ప్రశ్న లేచిన తరువాతనే, వీధులలో తల్లిదండ్రులు కూర్చున్న తరువాతనే జరిగినది. విద్యార్థిని అడుగకపోయి ఉంటే ఆ సభకు విముక్తిమార్గమే తెరచుకొనేది కాదు. ఈ దృష్టితో చూస్తే మార్కులను ప్రశ్నించినవారు సభకు చేసినది ద్రోహం కాదు, ఉపకారం.

వేదపాఠశాలలో పరీక్ష జరిగే తీరును తెలిసినవారికి ఈ భేదం ఇంకా స్పష్టం. పరీక్షాధికారి ఒక పనస ఎత్తుకొంటాడు, విద్యార్థి అక్కడినుండి అందుకోవాలి. పదమో, క్రమమో, జటయో, ఘనయో అడిగినది చెప్పాలి. చుట్టూ పండితులు కూర్చుండి వింటుంటారు. విద్యార్థి స్వరం తప్పితే సభ అంతటికీ వినబడుతుంది. అంతేకాదు, పరీక్షాధికారి తప్పుగా తప్పుపట్టినా సభ అంతటికీ వినబడుతుంది! పక్కనున్న వృద్ధ ఘనపాఠి "కాదు, పిల్లవాడు చెప్పినదే సరి" అని అక్కడికక్కడే అంటాడు, అధికారి చిరునవ్వుతో ఒప్పుకొంటాడు. అక్కడ తీర్పు చెప్పేవాడు కూడా పరీక్షలోనే ఉన్నాడు. వ్రాతపరీక్షలో ఆ సభ లేదు. పత్రం ఒక సంఖ్యగా మారి, తెలియని ఊరిలో తెలియని చేతికి చేరి, అంకెగా తిరిగివస్తుంది. లక్షలమందికి మౌఖిక పరీక్ష అసాధ్యం కనుక ఇది తప్పదు. కాని పోయిన ఆ సభను ఎంతోకొంత తిరిగి తెచ్చే ఉపాయం ఒకటున్నది. దిద్దిన పత్రాన్ని విద్యార్థికి చూపడమే ఆ ఉపాయం.

దీనికోసం దేశంలో న్యాయపోరాటాలు జరిగినవి. 1984లో మహారాష్ట్ర బోర్డుకు సంబంధించిన వ్యాజ్యంలో, నియమాలు అనుమతించనప్పుడు పత్రాన్ని చూపుమనీ తిరిగి దిద్దుమనీ కోరే హక్కు విద్యార్థికి లేదని సుప్రీంకోర్టు చెప్పినది. తరువాత 2005లో సమాచార హక్కు చట్టం వచ్చినది. 2011 ఆగస్టు 9న ఆదిత్య బందోపాధ్యాయ వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, దిద్దిన జవాబు పత్రం ఆ చట్టం ప్రకారం సమాచారమేననీ, విద్యార్థి దానిని చూడవచ్చుననీ, నకలు పొందవచ్చుననీ నిర్ణయించినది. దిద్దినవారి పేర్లు మాత్రం వెల్లడించనక్కరలేదన్నది. తిరిగి దిద్దించుకొనే హక్కు ఆ చట్టంవల్ల రాదని కూడా స్పష్టం చేసినది. చూచే హక్కు ఒకటి, మార్పించుకొనే హక్కు మరొకటి. రెండవది ఆయా బోర్డు, విశ్వవిద్యాలయాల నియమాలనుబట్టి ఉంటుంది.

ఇక్కడికి వచ్చేసరికి విషయం సూక్ష్మమవుతుంది. సున్న వచ్చినవారి వ్యథ పెద్దది, కాని వాదం సులభం. సున్న తనను తానే పట్టించుకొంటుంది. విశ్వవిద్యాలయంలో వ్యాసరూప సమాధానం వ్రాసి, అరవై వస్తాయనుకొన్నచోట ముప్ఫైఎనిమిది చూసినవాని సంగతి అటువంటిది కాదు. వరంగల్‌లో 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం పరిధులలో ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల పిల్లలు వేలసంఖ్యలో డిగ్రీ, పీజీ పరీక్షలు వ్రాస్తారు. వారిలో ఏటా కొందరికి ఈ సందేహం కలుగుతుంది. ముప్ఫైఎనిమిది సున్నవలె అరచి చెప్పదు. అది తప్పో, యథార్థమో, దిద్దినవారి అభిరుచో పైకి తెలియదు.

ఆ మంచిర్యాల పత్రాన్నే మరొకసారి చూడాలి. దిద్దినవారు నూటికి నూరు ఇవ్వలేదు, 99 ఇచ్చారు. ఒక మార్కు ఎక్కడో తగ్గించారు. ఏ వాక్యానికో, ఏ అక్షరదోషానికో. ఆ ఒక్క మార్కు దిద్దినవారి విచక్షణకు చెందినది. అది వారి అధికారం; దానిమీద ఎవరూ దావా వేయలేదు, వేయనక్కరలేదు. రెండు సున్నలు మాత్రం విచక్షణకు చెందినవి కావు, అవి కేవలం ప్రమాదం. మార్కును ప్రశ్నింపదలచిన విద్యార్థి మొదట తేల్చుకోవలసినది ఇదే: తనకు జరిగినది ఆ ఒక్క మార్కు జాతిదా, ఆ రెండు సున్నల జాతిదా?

కూడికలో తప్పుంటే రీకౌంటింగ్ చాలు. ఒక జవాబు దిద్దకుండా పుట తిప్పివేసి ఉంటే, లోపలి అంకె బయటికి తప్పుగా ఎక్కి ఉంటే రీవెరిఫికేషన్‌లో తెలుస్తుంది. సమాధానం చదివికూడా తక్కువ విలువ కట్టారనుకొంటే, రీవాల్యుయేషన్‌కు నియమాలలో అవకాశమున్నచోట దానిని కోరాలి. అన్నింటికీ ముందు నకలు తెప్పించుకొని చూడాలి. విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, సమాధానమివ్వవలసిన గడువు 30 రోజులు. పత్రాలను శాశ్వతంగా భద్రపరచరు కనుక ఆలస్యం చేయకూడదు.

విచక్షణలో కూడా అన్యాయం ఉండవచ్చునా? ఉండవచ్చు. తత్త్వశాస్త్ర పరీక్షలో మాయావాదంమీద ప్రశ్న వచ్చినదనుకోవాలి. ఒక విద్యార్థి శ్రీభాష్యంలో రామానుజులు అవిద్యమీద చూపిన ఏడు అనుపపత్తులను వివరించి, వాటినే తాను అంగీకరించినట్లు వ్రాస్తాడు. దిద్దేవారు అద్వైతాభిమాని. వారు ఆ వాదంలోని బలహీనతను చూపి మార్కు తగ్గించవచ్చు. సంప్రదాయం తమది కాదని తగ్గించరాదు. సర్వదర్శనసంగ్రహాన్ని వ్రాసిన మాధవాచార్యులు అద్వైతి. అయినా గ్రంథాన్ని చార్వాకునితో మొదలుపెట్టి, తాము అంగీకరింపని దర్శనాలను కూడా ఆయా దర్శనాల పక్షాననే నిలిచి వివరించారు. పరపక్షాన్ని దాని బలంతో సహా చూడగలవాడే దిద్దడానికి అర్హుడు. ఎర్రసిరా కలం చేతికి రాగానే ఆ అర్హత రాదు.

అదే నియమం విద్యార్థికీ వర్తిస్తుంది. న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా చెప్పినది. సత్యనిర్ణయానికై చేసేది వాదం. గెలుపుకై చేసేది జల్పం. తన పక్షమేమిటో నిలుపకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకొనేది వితండ. "నాకు మార్కులు తగ్గించారు, వారికి నేనంటే గిట్టదు" అని మాత్రమే వ్రాసిన విజ్ఞప్తి వితండ. "ఏడవ పుటలో రెండవ ప్రశ్నకు అడిగిన నాలుగు అంశాలూ ఉన్నవి, మూడింటికే మార్కులు పడినవి" అన్నది వాదం. అటువంటి విజ్ఞప్తి వ్రాయడానికి ముందు విద్యార్థి తన పత్రాన్ని తానే పరుని కన్నులతో చదువుకోవాలి, తక్కువ ఇవ్వడానికి ఏయే కారణాలుండవచ్చునో పూర్వపక్షంగా వ్రాసుకోవాలి. సగంమంది ఆ దశలోనే తమ ఫిర్యాదును విడిచిపెడతారు. మిగిలినవారి విజ్ఞప్తికి వజ్రపు మొన వస్తుంది.

గౌతముని న్యాయసూత్రాలలో చర్చలో ఓటమికి కారణమయ్యే నిగ్రహస్థానాలు ఇరవైరెండు. వాటిలో నిరనుయోజ్యానుయోగమనే దొకటి ఉన్నది. దోషం లేనిచోట దోషముందని నిలదీయడమే అది. అలా నిలదీసినవాడే ఓడినట్లు లెక్క. లేని తప్పుకు మార్కు కోసినవారికి ఇది తగులుతుంది. ఉన్న తప్పును ఒప్పుకోక దిద్దినవారిపై నింద మోపే విద్యార్థికీ ఇదే తగులుతుంది.

జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని నిలదీసినది. ఒకసారి వారింపబడినా ఊరకుండలేదు. మళ్ళీ లేచి, విలుకాడు రెండు బాణాలు చేతబట్టి నిలిచినట్లు తాను రెండు ప్రశ్నలతో నిలిచానన్నది. సమాధానాలు విన్న తరువాత, ఈయనకు నమస్కరించి బయటపడగలిగితే అదే చాలునని సభలోని బ్రాహ్మణులతో తానే చెప్పినది. అడగవలసినప్పుడు రెండవసారి లేవడం, సమాధానం సరియైనప్పుడు తానే ప్రకటించడం, రెండూ ఆమెవే. రీవాల్యుయేషన్‌లో మార్కు మారకుండా వచ్చిన విద్యార్థికి ఈ రెండవ భాగం మొదటిదానికంటె కష్టమనిపిస్తుంది.

బాసరకు పరీక్షలముందు వచ్చే పిల్లలు కలాలను, హాల్‌టికెట్లను అమ్మవారి సన్నిధిలో పెట్టి తీసుకొంటారు. ఫలితాల తరువాత వచ్చేవారిలో కొందరి ముఖం వాడి ఉంటుంది, వెంట వచ్చిన తల్లి "ఏం చేస్తాం, అమ్మ దయ" అంటూ ఉంటుంది. ఆ పిల్లల సంచిలో మార్కుల జాబితాతోపాటు నకలుకోసం వ్రాసిన దరఖాస్తు కూడా ఉంటే, దానినీ ఆ పళ్ళెంలోనే ఉంచి, కుంకుమ బొట్టు పెట్టించుకొని, గడువు ముగిసే తేదీ ఏదో ఒకసారి చూసుకొని, మరునాటి ఉదయమే తపాలా కార్యాలయానికి వెళ్ళాలి.